కట్టర్ సైజును లెక్కలోకి తీసుకోవడం: హాబీ సీఎన్‌సీ మిల్లు మీద కొలత తప్పకుండా కోయడం ఎలా

608 బేరింగ్ బయటి వ్యాసం 22 మి.మీ. సీఎన్‌సీ, అంటే కంప్యూటర్ అంకెలతో నడిచే మిల్లు మీద, అల్యూమినియం ప్లేట్‌లో దానికో గూడు కోయాలి. డ్రాయింగ్‌లో 22.00 అని గీశాను, డ్రాయింగ్ నుంచి కట్టర్ దారి తయారు చేసే క్యామ్ సాఫ్ట్‌వేర్‌లో 6 మి.మీ. ఎండ్‌మిల్ (పక్క అంచులతో కోసే కట్టర్) ఎంచుకున్నాను, ప్రోగ్రామ్ నడిపాను. బేరింగ్ దిగలేదు. వెర్నియర్ పెట్టి చూస్తే గూడు 21.94 వచ్చింది. సుత్తితో కొట్టి దింపితే బేరింగ్ పాడవుతుంది. ఎమరీ పేపర్‌తో రుద్దితే గూడు గుండ్రదనం పోతుంది. ప్లేట్ పక్కన పెట్టేసి, ఆ 0.06 ఎక్కడ పోయిందో వెతకడం మొదలుపెట్టాను.

డ్రాయింగ్‌లో తప్పు లేదు. నేను 6 మి.మీ. అనుకున్న కట్టర్ నా స్పిండిల్‌లో తిరుగుతూ 5.94 మాత్రమే కోస్తోంది. ప్యాకెట్ మీద రాసిన సైజు ఒకటి, మీ మిషన్ మీద ఆ కట్టర్ నిజంగా కోసే సైజు ఇంకొకటి. ఆ రెండోది కొలిచి తెలుసుకోవాలి. తెలిసిన అంకెను ఒకే ఒక్క చోట రాయాలి. ఆ రెండు పనులూ ఎలా చేయాలో మొదటి నుంచి వరుసగా చెబుతాను.

ఒక మాట. మిషన్‌కు ఆజ్ఞలిచ్చే భాష జీ-కోడ్. ఇక్కడ దాని అక్షరాలను తెలుగులో రాస్తున్నాను. మిషన్‌కు ఇచ్చేటప్పుడు వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి.

అసలు సమస్య

వడ్రంగి చెక్క కోసేటప్పుడు రంపాన్ని గీత మీద పెట్టడు, గీతకు బయట పక్కన పెడతాడు. రంపం మందం ఎంత ఉంటే అంత చెక్క పొట్టుగా పోతుందని అతనికి చేతికే తెలుసు. సీఎన్‌సీకి ఆ తెలివి లేదు. "ఎక్స్50కి వెళ్లు" అంటే కట్టర్ మధ్యబిందువును 50కి తీసుకెళ్తుంది. కోసేదేమో కట్టర్ అంచు. 6 మి.మీ. కట్టర్ అయితే మధ్య నుంచి అంచుకు 3 మి.మీ. కాబట్టి బయటి అంచు కోస్తున్నప్పుడు కట్టర్ దారి గీతకు 3 మి.మీ. బయట ఉండాలి, గూడు కోస్తున్నప్పుడు 3 మి.మీ. లోపల ఉండాలి.

దారిని ఇలా జరపడాన్నే కట్టర్ కాంపెన్సేషన్ అంటారు. దీన్ని మూడు చోట్ల చేయవచ్చు: కాగితం మీద మీరే లెక్క కట్టి, క్యామ్ సాఫ్ట్‌వేర్‌లో, లేదా మిషన్ కంట్రోలర్‌లో.

మొదటి అడుగు: మీ కంట్రోలర్ ఏం చేయగలదో చూసుకోండి

3018 లాంటి చిన్న హాబీ మిషన్లలో ఎక్కువగా ఉండే కంట్రోలర్ ప్రోగ్రామ్ జీఆర్‌బీఎల్. కట్టర్‌ను పక్కకు జరిపి నడిపే ఆజ్ఞలైన జీ41, జీ42 దానికి తెలియవు. జీ40 మాత్రం ఒప్పుకుంటుంది, అంటే "కాంపెన్సేషన్ వద్దు" అన్న మాట ఒక్కటే దానికి అర్థమవుతుంది. ఫైల్‌లో జీ41 ఉంటే "ఎర్రర్ 20" ఇస్తుంది. మీది జీఆర్‌బీఎల్ అయితే కాంపెన్సేషన్ మొత్తం క్యామ్‌లో, లేదా చేతి లెక్కతో ముందే జరగాలి, కంట్రోలర్ చేయదు. అందులో నష్టమేమీ లేదు, నా బేరింగ్ ప్లేట్ కూడా అలాగే సరి చేశాను.

లినక్స్‌సీఎన్‌సీ, మాక్3 అనే కంట్రోలర్లు వాడేవాళ్లకు జీ41, జీ42 రెండూ ఉన్నాయి. వాటి లాభం ఒక్కటే, కానీ పెద్దది. కట్టర్ మారినా, అరిగినా ప్రోగ్రామ్ ముట్టుకోనక్కర్లేదు. కంట్రోలర్‌లో కట్టర్ల సైజులు రాసుకునే టూల్ టేబుల్‌లో ఒక అంకె మారిస్తే చాలు.

రెండో అడుగు: ఒక్కసారైనా చేత్తో లెక్క కట్టండి

సాఫ్ట్‌వేర్ ఉండగా ఇదెందుకు అనిపించవచ్చు. కానీ ఒక్కసారి చేత్తో చేసినవాళ్లకు ఫైల్ తెరిచి అంకెలు చూడగానే తప్పు పట్టుబడుతుంది. మిషన్ పాడు కాకుండా ఆపేది ఆ చూపే.

50 × 30 మి.మీ. ప్లేట్ తీసుకుందాం. ఎడమ కింది మూల సున్నా, సున్నా. కుడి పై మూలను 8 మి.మీ. చాంఫర్‌తో 45 డిగ్రీల్లో కోయాలి. అంటే ఆ చాంఫర్ (50, 22) నుంచి (42, 30) వరకు ఉంటుంది. కట్టర్ 6 మి.మీ.

నేరుగా ఉన్న అంచులు తేలిక. ఎడమ అంచుకు కట్టర్ దారి ఎక్స్ -3, కుడి అంచుకు 53, కింద వై -3, పైన 33. చిక్కంతా చాంఫర్ దగ్గరే. చాలామంది అక్కడ కూడా 3 కలిపేసి (53, 25), (45, 33) అని రాస్తారు. అది తప్పు. ఆ బిందువుల మధ్య వెళ్తే కట్టర్ చాంఫర్ గీతకు 4.24 మి.మీ. దూరంలో ఉంటుంది. ఉండాల్సింది 3. అంటే చాంఫర్ మీద 1.24 మి.మీ. లోహం కోయకుండా మిగిలిపోతుంది.

సరైన లెక్క ఇది. రెండు అంచులు కలిసే చోట దారి ఎంత తిరుగుతుందో ఆ కోణంలో సగం తీసుకోండి. దాని ట్యాంజెంట్‌ను కట్టర్ వ్యాసార్థంతో గుణించండి. ఇక్కడ తిరిగేది 45 డిగ్రీలు, సగం 22.5, దాని ట్యాంజెంట్ 0.4142. మూడుతో గుణిస్తే 1.2426. కాబట్టి కట్టర్ (53, 23.2426) దగ్గర మలుపు తీసుకోవాలి, రెండో మలుపు (43.2426, 33). 90 డిగ్రీల మూలకు ఇదే లెక్క వేస్తే సగం కోణం 45, ట్యాంజెంట్ 1, జరగాల్సింది పూర్తిగా 3. చదరపు మూలల్లో 3 కలిపితే సరిపోవడానికి, చాంఫర్ దగ్గర సరిపోకపోవడానికి కారణం అదే.

గుండ్రటి భాగాలకు ఇంత కష్టం లేదు. మధ్యబిందువు మారదు, వ్యాసార్థం మాత్రం మారుతుంది. బయటి వంపు అయితే కట్టర్ వ్యాసార్థం కలపాలి, లోపలి వంపు అయితే తీసేయాలి. 22 మి.మీ. బేరింగ్ గూడుకు వ్యాసార్థం 11, కట్టర్ దారి 11 − 3 = 8 మి.మీ. వ్యాసార్థం ఉన్న వృత్తం. కట్టర్ నిజంగా 5.94 అయితే 16 + 5.94 = 21.94. నా గూడు వచ్చిన కొలత సరిగ్గా ఇదే.

మూడో అడుగు: లోపలి మూలలు చూసుకోండి

గుండ్రటి కట్టర్ లోపలి మూలను పదునుగా కోయలేదు. 6 మి.మీ. కట్టర్‌తో కోసిన పాకెట్ (గూడు) మూలలో కనీసం 3 మి.మీ. వంపు మిగులుతుంది. ఇది డ్రాయింగ్ వేసేటప్పుడే చూసుకోవాల్సిన విషయం.

ఇంకో సంగతి తక్కువమంది పట్టించుకుంటారు. మూల వంపు సరిగ్గా కట్టర్ వ్యాసార్థమంతే పెట్టకండి. 3 మి.మీ. వంపులో 3 మి.మీ. వ్యాసార్థం ఉన్న కట్టర్ పెడితే దారి వ్యాసార్థం సున్నా అవుతుంది. కట్టర్ మూలలోకి పోయి, ఒక్క క్షణం ఆగి, దిక్కు మార్చుకుంటుంది. ఆ క్షణంలో కట్టర్ కీచుమంటుంది, మూలలో మచ్చ పడుతుంది. వంపు 4 మి.మీ. పెడితే దారిలో 1 మి.మీ. వ్యాసార్థపు మలుపు ఉంటుంది, కట్టర్ ఆగకుండా తిరిగిపోతుంది. అదే 4 మి.మీ. వంపులోకి 10 మి.మీ. కట్టర్ పంపమంటే లినక్స్‌సీఎన్‌సీ ఆ మూలను కోయకూడని భాగం కోయకుండా చేరుకోలేనని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అది మన మంచికే. క్యామ్ సాఫ్ట్‌వేర్ అయితే చాలాసార్లు ఏమీ అనకుండా ఆ మూలను వదిలేసి వెళ్తుంది. సిమ్యులేషన్‌లో మూలలను దగ్గరగా చూడండి.

పదునైన మూల ఉన్న వస్తువు ఆ పాకెట్‌లో కూర్చోవాలంటే మూలలో చిన్న గుండ్రటి రంధ్రం లోపలికి తవ్వుతారు. ప్లైవుడ్ జాయింట్లలో కనిపించే "డాగ్‌బోన్" అదే.

నాలుగో అడుగు: జీ41, జీ42తో ప్రోగ్రామ్

జీఆర్‌బీఎల్ వాళ్లు దీన్ని దాటి ఐదో అడుగుకు వెళ్లవచ్చు.

జీ41 అంటే కట్టర్ గీతకు ఎడమ పక్కన, జీ42 అంటే కుడి పక్కన. ఎవరికి ఎడమ? కట్టర్ వెనక నిలబడి, అది వెళ్లే దిక్కుకే మీరూ చూస్తున్నట్టు ఊహించుకోండి. అప్పుడు మీ ఎడమ. బల్ల కదిలే మిషన్లలో ఇక్కడే పొరపాటు జరుగుతుంది. కళ్ల ముందు బల్ల వెనక్కి పోతుంటే కట్టర్ ముందుకు వెళ్తోందని మనసుకు తోచదు. ఎప్పుడూ జాబ్ (కోసే ముక్క) కదలకుండా ఉందనీ, కట్టరే దాని మీద నడుస్తోందనీ అనుకుని చూడండి.

పై ప్లేట్‌కే లినక్స్‌సీఎన్‌సీ ప్రోగ్రామ్ రాద్దాం. ముడి ముక్క ప్రతి పక్కా 3 మి.మీ. పెద్దది, కింద నుంచి స్క్రూలతో బిగించి ఉంది, చుట్టూ క్లాంపులు లేవు. జడ్ (ఎత్తు) సున్నా ప్లేట్ పై ముఖం.

జీ21 జీ17 జీ90 జీ40
టీ1 ఎం6
ఎస్10000 ఎం3
జీ0 జడ్5
జీ0 ఎక్స్0 వై-20
జీ1 జడ్-1 ఎఫ్100
జీ41 డీ1
జీ1 ఎక్స్0 వై-8 ఎఫ్300
జీ1 వై30
జీ1 ఎక్స్42
జీ1 ఎక్స్50 వై22
జీ1 వై0
జీ1 ఎక్స్-8
జీ40
జీ1 ఎక్స్-20
జీ0 జడ్5
ఎం5
ఎం2

అంకెలు చూడండి. 42, 30, 50, 22, అన్నీ డ్రాయింగ్‌లో ఉన్నవే. ఎక్కడా 3 కలపలేదు, 1.2426 లేదు. ఆ పనంతా కంట్రోలర్ చేసుకుంటుంది.

జీ41 తర్వాతి మొదటి కదలిక చాలా ముఖ్యం. కట్టర్ మధ్యలో నుంచి పక్కకు జరిగేది ఆ కదలికలోనే. అది నేరు గీత అయి ఉండాలి, వంపు పనికిరాదు. పొడవు కట్టర్ వ్యాసార్థం కంటే ఎక్కువ ఉండాలి. ఇక్కడ వై -20 నుంచి -8 వరకు 12 మి.మీ. ఇచ్చాను, 3 కంటే ఎక్కువే కాబట్టి ఇబ్బంది లేదు. ఈ కదలిక జాబ్‌కు బయట, గాలిలో జరగాలి. జాబ్‌ను ఆనుకుని మొదలుపెడితే ఏటవాలుగా వచ్చే కట్టర్ అంచును కోసేస్తుంది.

బయటకు వచ్చేటప్పుడూ అంతే. జీ40 దానంతట అది కట్టర్‌ను కదపదు, దాని తర్వాతి కదలికలో పక్కకు జరిగిన కట్టర్ తిరిగి మధ్యకు వస్తుంది. లినక్స్‌సీఎన్‌సీలో ఆ కదలిక నేరుగా ఉండి, కట్టర్ వ్యాసం కంటే పొడవుగా ఉండాలి. అందుకే ఎక్స్ -8 వరకు ప్లేట్ దాటించి, ఆ తర్వాతే జీ40 ఇచ్చి -20కి పంపాను. ప్రోగ్రామ్ మొదటి లైన్‌లో జీ40 పెట్టడం కూడా మరవకండి. నిన్న మధ్యలో ఆపేసిన ప్రోగ్రామ్ వల్ల కాంపెన్సేషన్ ఆన్‌లోనే ఉండిపోయి ఉండవచ్చు.

డీ1 అంటే టూల్ టేబుల్‌లో ఒకటో నంబర్ టూల్. లినక్స్‌సీఎన్‌సీ టేబుల్‌లో రాసేది వ్యాసం, అంటే 6.0. కొన్ని కంట్రోలర్లు అక్కడ వ్యాసార్థం అడుగుతాయి. మీది ఏదో తెలుసుకోకుండా ముందుకు వెళ్లకండి.

దీన్లో నాకు బాగా నచ్చిన ఉపాయం ఒకటుంది. టేబుల్‌లో మొదట 6.4 అని రాసి ప్రోగ్రామ్ నడపండి. కట్టర్ లావుగా ఉందనుకుని కంట్రోలర్ దూరంగా నడుస్తుంది, ప్రతి పక్కా 0.2 మి.మీ. మిగులుతుంది. తర్వాత 6.0 చేసి అదే ప్రోగ్రామ్ మళ్లీ నడపండి. రఫింగ్‌కు (మొదటి ముతక కోతకు) ఒక ఫైల్, ఫినిషింగ్‌కు (చివరి నునుపు కోతకు) ఒక ఫైల్ అక్కర్లేదు.

ఐదో అడుగు: కట్టర్ అసలు సైజు కనుక్కోవడం

అన్నిటికంటే ఎక్కువ ఓపిక పెట్టాల్సింది ఇక్కడే. వెర్నియర్‌తో కట్టర్‌ను నేరుగా కొలవడం చాలదు. రెండు, నాలుగు పళ్ల కట్టర్లను జాగ్రత్తగా కొలవవచ్చు, కానీ మూడు పళ్ల కట్టర్‌కు ఎదురెదురు అంచులే ఉండవు, అందుకని వెర్నియర్‌లో పూర్తి వ్యాసం దొరకదు. పైగా కార్బైడ్ అంచును వెర్నియర్ దవడల మధ్య నొక్కితే చిన్న పెచ్చు ఊడవచ్చు.

సరిగ్గా కొలిచినా అది నిలబడి ఉన్న కట్టర్ సైజే. తిరిగేటప్పుడు సంగతి వేరు. కట్టర్‌ను బిగించే కొలెట్‌లో చిన్న రజను ఇరుక్కుంటే కట్టర్ కొంచెం పక్కకు తిరుగుతుంది, దాన్ని రనౌట్ అంటారు. డయల్ గేజ్ సూది 0.05 ఊగితే కట్టర్ దాదాపు 0.05 లావుగా కోస్తుంది. ఇంకోవైపు, సన్నటి కట్టర్ లోహాన్ని నొక్కినప్పుడు వెనక్కి వంగుతుంది, అప్పుడు తక్కువ కోస్తుంది. హాబీ మిషన్ల ఫ్రేమ్ కూడా కొంచెం వంగుతుంది. ఇవన్నీ కలిశాక ఎంత కోస్తుందో చెప్పగలిగేది జాబ్ ఒక్కటే.

కాబట్టి జాబ్‌నే అడుగుదాం. మీరు అసలు పని చేయబోయే లోహం ముక్క మీదే, అదే స్పీడ్, అదే ఫీడ్, అదే లోతుతో రెండు ఆకారాలు కోయండి: 40 × 40 మి.మీ. చదరపు దిమ్మ, 40 × 40 మి.మీ. చదరపు పాకెట్. రెండిటికీ 0.2 మి.మీ. మిగిల్చి రఫింగ్ చేసి, తర్వాత ఫినిషింగ్ పాస్ ఇవ్వండి. టేబుల్‌లో గానీ క్యామ్‌లో గానీ 6.00 అనే ఉంచండి.

జాబ్‌ను మిషన్ మీద నుంచి తీయకుండానే కొలవండి. ఎక్స్ ఎటో వై ఎటో మార్కర్‌తో గీసుకోండి. కొలిచే ముందు అంచుల మీది బర్ తీసేయండి, ఆ కనీకనిపించని ముళ్లే 0.05 తప్పు చూపిస్తాయి. పాకెట్ మూలల్లో వంపు ఉంటుంది కాబట్టి పక్కల మధ్యలో కొలవండి. ఒక్కో కొలత మూడుసార్లు తీసుకోండి.

ఇప్పుడు అంకెలు ఏం చెబుతాయో చూద్దాం.

దిమ్మ 40.06, పాకెట్ 39.94 వచ్చాయనుకోండి. దిమ్మ ఎంత పెరిగిందో పాకెట్ అంతే తగ్గింది. ఇది అచ్చంగా కట్టర్ తేడానే. కట్టర్ అనుకున్నదానికంటే సన్నంగా కోస్తోంది, రెండు చోట్లా లోహం మిగిలింది. ఎంత సన్నం? తేడా 0.06, కట్టర్ వ్యాసం 6.00 − 0.06 = 5.94. రెండుతో భాగించకండి. దిమ్మకు రెండు పక్కలా 0.03 చొప్పున మిగిలింది, కట్టర్ వ్యాసానికీ రెండు పక్కలుంటాయి. సైజులో తేడా ఎంతో వ్యాసంలో తేడా అంతే.

దిమ్మ 40.10, పాకెట్ 39.98 వస్తే? అక్కడ తొందరపడి కట్టర్ వ్యాసంలో నుంచి 0.10 తీసేస్తే దిమ్మ సరిపోతుంది, పాకెట్ చెడుతుంది. ముందు రెండిటి సగటు తీయండి: 40.04. కట్టర్ తప్పు దిమ్మను పెంచినంత పాకెట్‌ను తగ్గిస్తుంది కాబట్టి సగటులో అది రద్దవుతుంది. సగటు 40.00 కాకుండా 40.04 వచ్చిందంటే ఆ 0.04 మిషన్‌ది. ఇప్పుడు రెండిటి తేడాలో సగం తీయండి: 0.12లో సగం 0.06. అది కట్టర్‌ది. ఇంత చిన్న లెక్కతో రెండు తప్పులూ విడిపోతాయి.

మిషన్ తప్పు అంటే ఒక మి.మీ.కు మోటారు వేసే స్టెప్స్ లెక్క తప్పు కావచ్చు, బ్యాక్‌లాష్ (స్క్రూ వదులు) కావచ్చు. విడదీయడానికి 80 మి.మీ. దిమ్మ, పాకెట్ కూడా కోసి వాటి సగటు చూడండి. 40కి 0.04, 80కి 0.08 తేడా ఉంటే, అంటే పొడవుతో పాటు పెరుగుతుంటే, అది స్టెప్స్ తప్పు. జీఆర్‌బీఎల్‌లో ఎక్స్‌కు $100, వైకి $101 సెట్టింగ్. ఇప్పుడు 800 ఉంటే 800 × 40 ÷ 40.04 = 799.2 అని మార్చండి.

సగటు 40 దగ్గరా 80 దగ్గరా ఒకే అంత, ఉదాహరణకు 0.05, తక్కువ వస్తుంటే అది బ్యాక్‌లాష్. స్క్రూకూ నట్‌కూ మధ్య వదులు వల్ల దిక్కు మారిన ప్రతిసారీ కొంత దూరం వృథా అవుతుంది. దాని వల్ల దిమ్మా పాకెట్టూ రెండూ తగ్గుతాయి. దీన్ని కట్టర్ అంకెతో సరి చేయాలని చూడకండి, ఎంత మార్చినా ఒకటి కుదిరితే ఇంకోటి చెడుతుంది. లినక్స్‌సీఎన్‌సీలో బ్యాక్‌లాష్ విలువ ఇచ్చుకునే సెట్టింగ్ ఉంది. మామూలు జీఆర్‌బీఎల్‌లో లేదు, అక్కడ స్ప్రింగ్ ఉన్న యాంటీ-బ్యాక్‌లాష్ నట్ బిగించడమే మార్గం.

ఎక్స్‌లో ఒక తేడా, వైలో ఇంకో తేడా వస్తే ఒక్కో దిక్కుకు విడిగా ఈ లెక్క వేయండి. కట్టర్ ఒకటే కాబట్టి "తేడాలో సగం" రెండు దిక్కుల్లో దాదాపు ఒకేలా రావాలి. రాకపోతే మళ్లీ కొలవండి, ఎక్కడో బర్ మిగిలి ఉంటుంది.

ఆరో అడుగు: ఆ అంకె ఒక్క చోటే రాయండి

5.94 దొరికింది. ఎక్కడ రాయాలి?

జీఆర్‌బీఎల్ అయితే క్యామ్ టూల్ లైబ్రరీలో 6.00 తీసేసి 5.94 అని రాసి, ఫైల్ మళ్లీ తయారు చేయండి. ఫ్యూజన్, ఫ్రీక్యాడ్ అనే క్యామ్ సాఫ్ట్‌వేర్లు రెండిట్లోనూ టూల్ వ్యాసం మారిస్తే దారి కొత్తగా లెక్క కడతాయి. ఫ్రీక్యాడ్ ప్రొఫైల్ ఆపరేషన్‌లో "యూజ్ కాంపెన్సేషన్" టిక్ ఉందో లేదో చూడండి. అది లేకపోతే కట్టర్ మధ్యబిందువు గీత మీదే నడుస్తుంది.

లినక్స్‌సీఎన్‌సీలో చేత్తో రాసిన జీ41 ప్రోగ్రామ్ అయితే టూల్ టేబుల్‌లో 5.94.

ఫ్యూజన్‌లో ఆపరేషన్‌కు "కాంపెన్సేషన్ టైప్" అని ఒకటుంది. "ఇన్ కంప్యూటర్" అంటే క్యామ్ అంతా చేసేస్తుంది, ఫైల్‌లో జీ41 రాదు. "ఇన్ కంట్రోల్" అంటే గీత ఉన్నది ఉన్నట్టు పంపి జీ41 రాస్తుంది, వ్యాసం కంట్రోలర్ చూసుకోవాలి. "వేర్" అనేది ఈ రెండిటి మధ్యది: క్యామ్ 6.00తో దారి జరిపేస్తుంది, జీ41 కూడా రాస్తుంది, కంట్రోలర్ టేబుల్‌లో మాత్రం తేడా ఒక్కటే ఉండాలి. కొత్త కట్టర్‌కు 0, మన కట్టర్‌కు -0.06. మైనస్ విలువను మీ కంట్రోలర్ ఎలా తీసుకుంటుందో ముందు జడ్ పైకెత్తి గాలిలో నడిపి చూసుకోండి.

వేర్ పద్ధతిలోనే అతి పెద్ద ప్రమాదం ఉంది. క్యామ్ ఒకసారి 3 మి.మీ. జరిపింది. టేబుల్‌లో అలవాటుగా 6.00 ఉండిపోయింది. కంట్రోలర్ ఇంకో 3 జరుపుతుంది. 40 దిమ్మ 46 అవుతుంది, 40 పాకెట్ 34 అవుతుంది. దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది: ఎవరూ జరపకపోవడం. అప్పుడు దిమ్మ 34, పాకెట్ 46. జాబ్ సైజులో తేడా సరిగ్గా కట్టర్ వ్యాసమంత ఉందంటే కొలతలు, రనౌట్ వెతకడం ఆపేయండి. అంకె రెండు చోట్ల ఉంది, లేదా ఎక్కడా లేదు.

ఏ దిక్కుగా తిప్పాలి

మామూలుగా ఎం3తో (గడియారం ముల్లు దిక్కులో) తిరిగే కట్టర్‌కు, బయటి అంచును గడియారం ముల్లు దిక్కులో, పాకెట్‌ను దానికి ఎదురు దిక్కులో నడిపితే రెండు చోట్లా కట్టర్ ఎడమ పక్కనే ఉంటుంది. అంటే జీ41. ఇది క్లైంబ్ మిల్లింగ్, నునుపు బాగా వస్తుంది. అయితే క్లైంబ్‌లో కట్టర్ జాబ్‌ను తన వైపు లాక్కుంటుంది. స్క్రూలో వదులు ఎక్కువున్న మిషన్ మీద లోతుగా క్లైంబ్ కోస్తే బల్ల ఒక్కసారిగా జరిగి కట్టర్ విరగవచ్చు. నా పద్ధతి: రఫింగ్ ఎదురు దిక్కులో, 0.2 మి.మీ. ఫినిషింగ్ మాత్రం క్లైంబ్‌లో. అంత తక్కువ లోహానికి లాగే బలం పెద్దగా ఉండదు.

దిక్కు మారితే కట్టర్ వంగే తీరు మారుతుంది, నిజమైన సైజూ మారుతుంది. టెస్ట్ ముక్క ఏ దిక్కులో కోశారో జాబ్ కూడా అదే దిక్కులో కోయండి.

వీ-బిట్‌కు లెక్క వేరు

అక్షరాలు చెక్కే, పీసీబీ (ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డు) గీసే వీ-బిట్‌కు, అంటే మొన వైపు సన్నబడే కట్టర్‌కు, స్థిరమైన వ్యాసం ఉండదు. లోతును బట్టి వెడల్పు మారుతుంది. బిట్ కోణంలో సగానికి ట్యాంజెంట్ తీసి, దాన్ని లోతుతో గుణించి రెట్టింపు చేయండి, దానికి మొన వెడల్పు కలపండి. 30 డిగ్రీలు, 0.1 మి.మీ. మొన ఉన్న బిట్ 0.1 లోతుకు దిగితే: 2 × 0.1 × 0.268 = 0.054, మొన 0.1 కలిపితే 0.154 మి.మీ. పీసీబీ సాఫ్ట్‌వేర్‌లో టూల్ సైజు దగ్గర 0.1 కాదు, 0.15 రాయాలి. బోర్డు ఒక మూల 0.1 మి.మీ. ఎత్తుగా ఉంటే అక్కడ లోతు రెట్టింపై వెడల్పు 0.2 దాటుతుంది, సన్నటి ట్రాకులు తెగిపోతాయి. వీ-బిట్ వాడేవాళ్లు కట్టర్ కంటే ముందు బోర్డు చదునును కొలుచుకోవాలి.

కట్టర్ మార్చినప్పుడు

హైదరాబాద్‌లోని బాలానగర్ లాంటి చోట్ల చిన్న వర్క్‌షాపుల్లో అరిగిన కార్బైడ్ కట్టర్‌కు మళ్లీ పదును పెట్టించి వాడడం మామూలే. డబ్బు ఆదా అవుతుంది, నేనూ వాడతాను. కానీ పదును పెట్టిన ప్రతిసారీ వ్యాసం తగ్గుతుంది. 10 మి.మీ. అని షాంక్ (కట్టర్ కాడ) మీద ఉన్నది 9.7 కోస్తుండవచ్చు. అలాంటి కట్టర్‌ను కొత్తదానిలాగే లైబ్రరీలో 10 అని ఉంచితే ఆ జాబ్ మొదటి నుంచే తప్పు.

ప్రతి కట్టర్ డబ్బా మీద ఒక చిన్న స్టిక్కర్ అతికించాను. దాని మీద తేదీ, లోహం పేరు, టెస్ట్ ముక్క చెప్పిన వ్యాసం. కొలెట్ విప్పి మళ్లీ బిగించినప్పుడు రనౌట్ మారుతుంది. 0.1 తేడా పర్వాలేదన్న పనికి స్టిక్కర్ మీది అంకె చాలు. బేరింగ్ గూడు లాంటి పనికి కొలెట్‌ను బ్రష్‌తో శుభ్రం చేసి, అదే ప్లేట్‌లో తర్వాత కోసి పడేయబోయే భాగంలో ఒక చిన్న దిమ్మ, పాకెట్ కోసి చూసుకుంటాను. పది నిమిషాలు పడుతుంది.

రెండో ప్లేట్‌కు 5.94 ఇచ్చాను. దారి వ్యాసార్థం 8.00 బదులు 8.03 అయింది. గూడు 22.00 వచ్చింది, బేరింగ్ బొటనవేలి ఒత్తిడితో దిగింది.